గార్డెన్ పార్టీ: తొమ్మిదో తరగతి, బి సెక్షన్

నార్పల హైస్కూలు. మార్చి నెల.
అన్నం తిన్న తర్వాతి పీరియడ్.
పాఠంలో పదకొండో లైను దగ్గర
పంచెకు ముల్లు తగులుకున్నట్టు
ఒక మాట తగులుకుంది.
గార్డెన్ పార్టీ.

తోటలో విందు అని చెప్పి ముందుకు పోయుంటే సరిపోతుండె.
ముప్పై ఏండ్ల అలవాటు, పోలేకపోయినా.
"ఇంగ్లీషులో రెండు మాటలు పక్కపక్కన కూర్చుంటే
ఒంటిగా ఉన్నప్పటి బుద్ధి మార్చుకుంటాయిరా" అన్నా.
"ఈ గార్డెన్లో ఏమీ పండదు. కత్తిరించిన గడ్డి ఉంటుంది.
సాయంత్రం నాలుగింటికి రమ్మని కార్డు పంపిస్తారు.
ఆడోళ్ళు టోపీలు పెట్టుకుంటారు.
కప్పు కింద సాసరు, సాసరు కింద చెయ్యి,
నిలబడే తాగాల, నిలబడే మాట్లాడాల,
మాట్లాడుతూ ఏమీ చెప్పకుండా ఉండాల."

"గడ్డి కత్తిరించినోడు, సార్?"
"ఆ పొద్దు కనపడడు."

"వానొస్తే?" అనింది మూడో బెంచీ హంపమ్మ.
"వానొస్తే పార్టీ పాడైపోతుంది."
క్లాసంతా గొల్లుమనింది.
నేను కావాలని చెప్పిన ఏ జోకుకూ
ఈ జిల్లాలో అంత నవ్వు రాలేదు.
వానకు చెడిపోయేది వాళ్ళకు తెలిసి ఒకటే,
కల్లంలో వామి వేసిన చెనక్కాయ.

మాకు తోటంటే బోరున్న చేను.
మనిషి తోటకాడికి పోయినాడంటే
రాత్రి రెండింటికి కరెంటొస్తుందని
మోటారు పక్కన,
టార్చిలైటు తలకింద పెట్టుకొని పండుకున్నాడని.

ఇంక పార్టీ.
బోరుబండి వానికి పార్టీ అంటే దుడ్లు కట్టేవాడు.
రిజిస్ట్రారాఫీసు ముందర చెట్టు కింద కూర్చున్నోనికి
సంతకం పెట్టేవాడు.
ఏ పార్టీ మీది అని అడిగినాకే
మంచినీళ్ళ చెంబు చేతికిచ్చే ఊర్లున్నాయి.
ఇవన్నీ చెప్పాలనుకోలేదు.
మాట బోర్డు మీద రాసి తిరిగి చూసినా.

కిటికీ పక్క కుళ్ళాయప్ప,
ఎప్పుడూ చెయ్యెత్తని పిల్లోడు,
చెయ్యెత్తకుండానే అన్నాడు:
"మా తోటకొచ్చింది సార్, పార్టీ. మొన్న మాఘంలో.
మూడు వందల పన్నెండు చీనీ చెట్లు.
తెల్లారేతలికి అన్నీ పండుకోనుండె."

డస్టరు తీసుకున్నా.
పాతబడిన బోర్డు, ఎంత తుడిచినా అక్షరాల నీడ పోదు.
గంట కొట్టినారు. ఎవరూ లేవలేదు.

జూన్లో ఇంటికొక కార్డు వచ్చింది.
నోటుబుక్కు అట్ట చించి, నీలం స్కెచ్చు పెన్నుతో,
సార్ గారిని సాదరంగా ఆహ్వానిస్తూ,
అంతా ఇంగ్లీషులోనే.

పోయినా.
మొద్దులు చిగురేసినాయి.
వాళ్ళమ్మ కదిరమ్మ ఒక్కో మొద్దు దగ్గర వంగి
ఆకు నలిపి వాసన చూసి చెప్తావుంది,
"ఇది అంటు పైన తెగింది, చీనీనే వస్తుంది.
ఇది కింద తెగింది. జంబేరి. ఉత్త పులుపు."
పీకేస్తావా అంటే పలకలేదు.

పేపర్లో ఉగ్గాని, మీద రెండు మిరపకాయ బజ్జీలు,
స్టీలు గ్లాసుల్లో టీ.
అందరం నిలబడే తాగినాం,
కూర్చుందామంటే పదెకరాల్లో నీడ లేదు.
తలలకు టవళ్ళు చుట్టుకున్నాం.
గ్లాసు కాలుతుంటే కింద పేపరు మడత.
చెట్లు కొట్టించిన ఇంటి బావమరిది కూడా వచ్చినాడు,
టీలో చక్కెర బాగా పడింది అన్నాడు.
ఎండల గురించి మాట్లాడుకున్నాం.
ఈసారి విత్తనం చెనక్కాయ ధర గురించి మాట్లాడుకున్నాం.

"ఎట్లుంది సార్, మీరు చెప్పినట్లే ఉందా?"
"అచ్చం అట్లే ఉందిరా."
"వానొకటి రావాల సార్, పాడు చేసేకి."

మోటారు షెడ్డులో నులక మంచం,
మంచం కోడుకు తగిలించిన విజిల్,
కొత్తగా పెంచుతున్న కుక్క, నన్ను చూసి మొరగడం ఆపలేదు.

బస్సులో కార్డు తీసి చూసినా.
గార్డెన్‌లో జి తర్వాత ఒక యు పెట్టినాడు,
కాపలాకాసే గార్డుకు పెట్టే యు.
ఎర్రపెన్ను మూత తీసినా.
శింగనమల దాటేదాకా అట్లే పట్టుకోనుండి
మళ్ళీ మూత పెట్టినా.